వాట్లు ఎక్కువున్నా అనిమోన్ ఎందుకు తెల్లబడుతుంది? రీఫ్ అక్వేరియంలో వెలుతురు లెక్క

సంక్షిప్తంగా: క్లౌన్ ఫిష్‌కు ఆశ్రయమిచ్చే సీ అనిమోన్లు (పువ్వులా విచ్చుకునే సముద్ర జంతువులు) తమ ఒంట్లోని సూక్ష్మ శైవలాల (నాచు లాంటి జీవుల) సాయంతో వెలుతురు మీద బతుకుతాయి. దీపం వాట్లను బట్టో, కంటికి కనిపించే కాంతిని బట్టో వాటికి ఎంత అందుతోందో చెప్పలేం. అనిమోన్ కూర్చున్న చోట పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కొలత) ఎంత అన్నదే అసలు లెక్క. ఇళ్లలో ఎక్కువగా పెంచే బబుల్ టిప్ అనిమోన్‌కు సాధారణంగా 150–250 పార్ సరిపోతుంది. వెలుతురు చాలకపోతే అనిమోన్ నెలల తరబడి క్షీణిస్తుంది. ఒక్కసారిగా పెరిగితే కొద్ది రోజుల్లోనే తెల్లబడుతుంది. అందుకే దీపం ఎంపిక ఎంత ముఖ్యమో, మార్పును నెమ్మదిగా చేయడం అంతకంటే ముఖ్యం.

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారిలో చాలామంది మొదట కోరుకునేది ఒక క్లౌన్ ఫిష్ జంట, అవి దూరి తిరగడానికి ఒక సీ అనిమోన్. చేపలతో పెద్దగా ఇబ్బంది రాదు. క్లౌన్ ఫిష్ గట్టి ప్రాణి, పైగా ఇప్పుడు హేచరీల్లోనే పుడుతోంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా వీటి పిల్లలను ఉత్పత్తి చేసే పద్ధతిని రూపొందించింది. తంటా అంతా అనిమోన్‌తోనే. తెచ్చిన కొత్తలో నిండుగా విచ్చుకుని ఉంటుంది. తర్వాత రంగు తగ్గుతుంది, ముడుచుకుంటుంది, అద్దం మీదికో పంపు దగ్గరికో పాకుతుంది. నీటి పరీక్షలు చేస్తే అన్నీ సరిగ్గానే వస్తాయి. అప్పుడు చూపు దీపం మీద పడుతుంది, గందరగోళం మొదలయ్యేది కూడా అక్కడే. వెలుతురు చాలలేదని ఒకరంటే, ఎక్కువైందని ఇంకొకరంటారు. దీపం పెట్టె మీద వాట్లు, కెల్విన్లు, ల్యూమెన్లు ముద్రించి ఉంటాయి. అనిమోన్‌కు కావలసిన అంకె మాత్రం చాలాసార్లు ఉండదు.

జంతువే, కానీ వెలుగు మీద బతుకుతుంది

పువ్వులా విచ్చుకున్నా అనిమోన్ జంతువే. పగడాలకు, జెల్లీ ఫిష్‌లకు దగ్గరి చుట్టం. స్పర్శకాల (నోటి చుట్టూ వేళ్లలా ఉండే భాగాల) నిండా దంశకణాలు, అంటే కుట్టే కణాలుంటాయి. వాటితో చిన్న చేపనో రొయ్యనో పట్టి నోట్లోకి తోసుకోగలదు. అయితే ఉష్ణమండల సముద్రాల్లో క్లౌన్ ఫిష్‌కు ఇల్లయ్యే జాతులు ఈ వేట మీదే ఆధారపడి బతకవు. వాటి కణాల లోపల జూజాంథెల్లే అనే గోధుమరంగు ఏకకణ శైవలాలు కాపురముంటాయి. ఇవి పగలంతా కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు, కొవ్వులు తయారుచేసి అందులో పెద్ద భాగం అనిమోన్‌కు ఇచ్చేస్తాయి. అనిమోన్ విడిచే కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా వాటికి ఎరువు. క్లౌన్ ఫిష్ విసర్జించే అమ్మోనియా కూడా చివరకు ఈ శైవలాలకే చేరుతుంది. అంటే ఇది మూడు ప్రాణుల ఉమ్మడి కాపురం, దాని ఖర్చు నడిచేది వెలుతురుతో.

అనిమోన్లన్నీ ఇలాంటివి కావు. 1828లో స్కాట్లాండ్ తీరంలో ప్రకృతి పరిశోధకుడు సర్ జాన్ డాలియెల్ సేకరించిన బీడ్‌లెట్ అనిమోన్ ఒకటి గాజు పాత్రలో 1887 దాకా బతికింది. దానికి గ్రానీ అని పేరు కూడా పెట్టారు. దాని కోసం ప్రత్యేకంగా దీపమేమీ వెలిగించలేదు. ఆ చల్లని నీటి జాతి ఒంట్లో శైవలాలు ఉండవు, వేళకు ఆహారం అందితే చాలు. ఇసుకలో గొట్టం కట్టుకుని ఉండే ట్యూబ్ అనిమోన్ కూడా వెలుతురు అడగదు. కాబట్టి కొనేముందు అది ఏ జాతో తెలుసుకోవాలి. క్లౌన్ ఫిష్ ఆశ్రయించే అనిమోన్లు పది జాతులని చాలాకాలంగా లెక్కిస్తున్నారు. అవన్నీ శైవలాలతో జీవించేవే. వాటిలో ఏది తెచ్చుకున్నా దీపం గురించి పట్టించుకోక తప్పదు.

వెలుతురు చాలకపోతే తిండి వేసి నెట్టుకురావచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. కొంతకాలం నెట్టుకురావచ్చు. చిన్న రొయ్య ముక్కో చేప ముక్కో వారానికి ఒకటి రెండుసార్లు వేస్తే అనిమోన్‌కు నైట్రోజన్, ఫాస్ఫరస్ దొరుకుతాయి, ఎదుగుదల బాగుంటుంది. కానీ రోజువారీ శక్తి అంతా తిండి నుంచే రావాలంటే అంత తిండిని అనిమోన్ అరిగించుకోవాలి, ఆ వ్యర్థాలను చిన్న ట్యాంకు భరించాలి. అది జరిగే పని కాదు.

కంటి లెక్క వేరు, శైవలం లెక్క వేరు

గందరగోళానికి అసలు మూలం మన కన్ను. పగటి వెలుతురులో మనిషి కన్ను అన్నింటికంటే బాగా పసిగట్టేది 555 నానోమీటర్ల దగ్గరి పచ్చని కాంతిని. 450 నానోమీటర్ల నీలి కాంతి అంతే శక్తితో పడినా అందులో సుమారు ఇరవై అయిదో వంతు వెలుగుగా మాత్రమే కంటికి తోస్తుంది. ల్యూమెన్, లక్స్ అనే కొలతలు ఈ కంటి స్వభావాన్ని బట్టి కట్టినవే. గదికి బల్బు కొనేటప్పుడు అవి పనికొస్తాయి. అనిమోన్‌కు దీపం కొనేటప్పుడు దారి తప్పిస్తాయి.

శైవలాల దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. వాటిలోని పత్రహరితం-ఎ ప్రధానంగా 430–440 నానోమీటర్ల నీలాన్ని, 660–680 నానోమీటర్ల ఎరుపును పీల్చుకుంటుంది. దానికి తోడు పెరిడినిన్ అనే వర్ణకం ఉంటుంది. ఈ శైవలాలకు గోధుమ రంగు ఇచ్చేది ముఖ్యంగా ఇదే. ఇది సుమారు 470 నుంచి 550 నానోమీటర్ల దాకా ఉన్న నీలి, నీలి-పచ్చ కాంతిని పట్టి ఇస్తుంది. సముద్రంలో బతికే ప్రాణికి ఈ ఏర్పాటు అవసరం. నీరు ముందుగా ఎర్రటి కాంతిని మింగేస్తుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎరుపు దాదాపుగా మిగలదు, ఉన్నదంతా నీలం, నీలి-పచ్చలే. అక్కడ దొరికే కాంతినే వాడుకునేలా ఈ శైవలాలు తయారయ్యాయి.

దీనివల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. నీలి ఎల్‌ఈడీలు ఎక్కువున్న ట్యాంకు కంటికి మసకగా కనిపిస్తుంది, చాలదేమోనని దీపం ఇంకా పెంచుతారు. లోపలున్న అనిమోన్ మీద అప్పటికే సరిపడా, ఒక్కోసారి అవసరానికి మించి కాంతి పడుతూ ఉంటుంది. తెల్లటి ఎల్‌ఈడీ పట్టీ పెట్టిన ట్యాంకు పట్టపగల్లా మెరిసిపోతుంది, ఇంకేం కావాలని వదిలేస్తారు. శైవలాలకు మాత్రం ఆ మెరుపులో పనికొచ్చేది కొద్దిగానే ఉండొచ్చు.

కెల్విన్ అంకె కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తుంది. 6,500 కెల్విన్ అంటే పగటి తెలుపు, 10,000 అంటే చల్లని తెలుపు, 14,000 నుంచి 20,000 అంటే నీలి ఛాయ. ఆ అంకె రంగును మాత్రమే చెబుతుంది, కాంతి పరిమాణం గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. 20,000 కెల్విన్ దీపం 10,000 కెల్విన్ దీపానికి రెట్టింపు బలమైనదని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

అందుకే రీఫ్ పెంపకంలో పార్ అనే కొలత స్థిరపడింది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నాయో ఇది చెబుతుంది. ఉష్ణమండలంలో మబ్బులేని మిట్టమధ్యాహ్నం సముద్ర ఉపరితలం మీద ఇది 2,000 దాకా ఉంటుంది. నీటి లోతు పెరిగే కొద్దీ తగ్గుతుంది. పార్ కూడా సర్వరోగ నివారిణి కాదు. నీలి కణాన్నీ పచ్చ కణాన్నీ అది ఒకేలా లెక్కిస్తుంది, కాబట్టి ఒకే పార్ ఉన్న రెండు దీపాలు శైవలానికి ఒకటే కావు. అయినా ఉన్న కొలతల్లో నమ్మదగింది ఇదే.

పార్ మీటరు ఖరీదైనదే. ఒక్కరు కొనే బదులు నలుగురు కలిసి కొనుక్కుంటే, లేదా దుకాణం నుంచి ఒక రోజుకు అద్దెకు దొరికితే సరిపోతుంది. ఎందుకంటే దీపం అమర్చినప్పుడు ఒకసారి, సెట్టింగ్ మార్చినప్పుడు ఒకసారి కొలిస్తే చాలు. నీటిలో ముంచి కొలిచేటప్పుడు కొన్ని సెన్సర్లు తక్కువ చూపిస్తాయి, దానికి ఎంతతో గుణించాలో తయారీదారు ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. సెల్‌ఫోన్ కెమెరాతో లక్స్ చూపే యాప్‌లు నీలి దీపాల కింద తలాతోకా లేని అంకెలు చూపిస్తాయి. వాటిని పార్‌లోకి మార్చే సూత్రాలు ఎండకు సరిపోవచ్చు గానీ రీఫ్ ఎల్‌ఈడీకి పనికిరావు.

ఏ జాతికి ఎంత?

మనకు ఎక్కువగా దొరికే బబుల్ టిప్ అనిమోన్‌ను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. శాస్త్రీయ నామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. ఇది ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా విస్తరించి ఉంది. లోతు తక్కువ నీటిలో చిన్న చిన్నవి గుంపులుగా, లోతున పెద్దవి ఒంటరిగా కనిపిస్తాయి. పాదాన్ని రాతి సందులో, చీకట్లో దాచుకుంటుంది. స్పర్శకాలను మాత్రం పైకి, వెలుతురులోకి చాపుతుంది. ఈ అలవాటే దాని కోరికను చెబుతోంది: మధ్యస్థమైన వెలుతురు, దాక్కోవడానికి ఒక సందు. పెంపకందారుల అనుభవంలో 150 నుంచి 250 పార్ మధ్య ఇది బాగా స్థిరపడుతుంది. అలవాటు చేస్తే 300 పైన కూడా ఉండగలదు. 100 కంటే తగ్గితే స్పర్శకాలు సన్నగా సాగి, పైకి పాకే ప్రయత్నం మొదలవుతుంది.

మాగ్నిఫిసెంట్ అనిమోన్ కథ వేరు. సముద్రంలో అది దాక్కోదు. రాతి శిఖరం మీద, ఎండ, ప్రవాహం నేరుగా తగిలే చోట కూర్చుంటుంది. ట్యాంకులో 300 నుంచి 400, అంతకు మించి కూడా అడుగుతుంది. వెలుతురు నచ్చకపోతే రోజుల తరబడి తిరుగుతూనే ఉంటుంది. కొత్తవారికి ఇది తగదు.

కార్పెట్ అనిమోన్లలోనే తేడాలున్నాయి. హడోని కార్పెట్ ఇసుకలో పాదం పాతుకుని ఉంటుంది. అంటే ట్యాంకులో దీపానికి అన్నింటికంటే దూరంగా, అడుగునే కూర్చుంటుంది. అక్కడికి 200 పైన పార్ చేరాలంటే దీపం సామర్థ్యం చాలా ఉండాలి, లేదా ట్యాంకు ఎత్తు తక్కువుండాలి. జైంట్ కార్పెట్ పోటు తగ్గినప్పుడు మోకాలి లోతు నీళ్లే మిగిలే ఇసుక మైదానాల్లో ఉండే జాతి, దానికి ఇంకా ఎక్కువ కావాలి. ఒకే దుకాణంలో పక్కపక్కనే అమ్ముతున్నారని వీటన్నింటికీ ఒకే దీపం సరిపోతుందనుకోవడం వల్ల చాలా అనిమోన్లు చనిపోతున్నాయి.

ఈ అంకెలు పెంపకందారుల అనుభవం నుంచి వచ్చినవి, సరిహద్దులు కచ్చితమైనవి కావు. నీటి ప్రవాహం, పోషకాలు, ఆ అనిమోన్ అంతకుముందు ఏ వెలుతురులో పెరిగింది అన్నవాటిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

రోజంతా కలిపి ఎంత అందింది?

క్షణంలో పడే కాంతి ఒక ఎత్తు, రోజు మొత్తం మీద అందేది ఇంకో ఎత్తు. 200 పార్ పది గంటలు వెలిగితే చదరపు మీటరుకు 7.2 మోల్‌లు అందుతాయి. 400 పార్ అయిదు గంటలు వెలిగించినా లెక్క అంతే వస్తుంది. కానీ శైవలానికి ఈ రెండూ సమానం కావు. కాంతి పెరిగే కొద్దీ కిరణజన్య సంయోగక్రియ వేగం కొంతవరకే పెరుగుతుంది, ఆపైన స్థిరపడిపోతుంది. ఆ హద్దు దాటి పడిన కాంతి పనికి రాకపోగా, దాన్ని వదిలించుకోవడం శైవలానికి అదనపు భారం. అందువల్ల ఆఫీసు నుంచి వచ్చాక నాలుగైదు గంటలు దీపం గట్టిగా వెలిగించి సరిపెట్టుకోవడం కంటే, మధ్యస్థంగా ఎనిమిది నుంచి పది గంటలు వెలిగించడం మేలు. ఇంట్లోవాళ్లు చూసే సమయానికి ట్యాంకు వెలగాలంటే టైమర్‌ను మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా జరుపుకోవచ్చు. రోజూ ఒకే వేళకు వెలగడమే ముఖ్యం, ఆ వేళ పగలా రాత్రా అన్నది అనిమోన్‌కు పట్టదు.

రాత్రి చీకటి కూడా అవసరమే. చాలా అనిమోన్లు చీకట్లో ముడుచుకుంటాయి, అది జబ్బు కాదు. రాత్రంతా నీలి ‘మూన్‌లైట్’ వెలిగించడం వల్ల అనిమోన్‌కు ఒరిగేదేమీ లేదు.

దీపాలు మారాయి, ఇబ్బందులూ మారాయి

ఒకప్పుడు రీఫ్ ట్యాంకు అంటే మెటల్ హాలైడ్. 250, 400 వాట్ల దీపాలు ఎండలాగే ఒకే బిందువు నుంచి వెలుగు కురిపించేవి, నీటి అలల నీడలు రాళ్ల మీద ఆడేవి. అనిమోన్లు వాటి కింద బాగా పెరిగాయి. కానీ ఆ వేడి నేరుగా నీటికి ఎక్కేది, కరెంటు బిల్లు మోపెడయ్యేది. రెండు కొనల్లో పిన్నులుండే రకం బల్బులకు అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం తప్పనిసరి, అది తీసేసి వాడితే ట్యాంకులోని జీవులు కాలిపోయేవి.

టీ5 అనే సన్నని ఫ్లోరొసెంట్ ట్యూబులు వెలుతురును ట్యాంకు అంతా సమంగా పరుస్తాయి, నీడలు తక్కువ. అనిమోన్ ఎటు కదిలినా దాదాపు అంతే కాంతి దొరుకుతుంది. చిక్కల్లా ట్యూబు వయసుతో. తొమ్మిది నెలల నుంచి ఏడాది లోపు వాటి కాంతి గణనీయంగా తగ్గుతుంది, రంగు కూడా మారుతుంది. కంటికి ఆ తేడా తెలియదు. అన్ని ట్యూబులూ ఒకేరోజు మారిస్తే అనిమోన్‌కు అది హఠాత్తుగా పెరిగిన వెలుతురే. అందుకే వారానికో రెండు వారాలకో ఒక ట్యూబు చొప్పున మారుస్తారు.

ఇప్పుడు రాజ్యమంతా ఎల్‌ఈడీదే. రాయల్ బ్లూ, వయొలెట్, తెలుపు అంటూ ఒక్కో రంగు చానల్‌ను విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. అదే వీటి బలం, ఇబ్బంది కూడా అదే. ఫోన్‌లో వేలితో లాగితే కాంతి క్షణంలో రెట్టింపవుతుంది. అనిమోన్ అంత వేగంగా మారలేదు.

ఎల్‌ఈడీల్లో లెన్సు కోణం గురించి తక్కువమంది అడుగుతారు. అదే 100 వాట్ల దీపానికి ఇరుకు లెన్సు ఉంటే కాంతి లోతుకు దూసుకెళ్తుంది, వెడల్పు లెన్సు ఉంటే పక్కలకు పరుచుకుంటుంది. అరవై సెంటీమీటర్ల ట్యాంకులో మీటరు సెన్సర్‌ను దీపం కింద మధ్యలో పెట్టి, అదే లోతులో మెల్లగా మూలకు జరుపుతూ పోతే విషయం అర్థమవుతుంది. మధ్యలో 300 చూపిన అంకె మూలకు చేరేసరికి 100కు పడిపోవడం మామూలే. రాయి అంచు కిందికి అంగుళం జరిపితే 30, 40 అవుతుంది. అంటే ‘ఈ ట్యాంకులో పార్ ఎంత?’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. దీపాన్ని పది సెంటీమీటర్లు పైకెత్తితే మధ్యలో తగ్గి, అంచుల్లో కొంత సర్దుకుంటుంది. అనిమోన్ ట్యాంకుకు ఇది చాలాసార్లు కొత్త దీపం కొనడం కంటే మంచి పరిష్కారం.

వెలుతురే విషమయ్యేది ఎప్పుడు?

బ్లీచింగ్, అంటే తెల్లబడటం, సముద్రంలోనైనా ట్యాంకులోనైనా ఒకే తీరున జరుగుతుంది. శైవలంలోని కాంతి యంత్రాంగం పీల్చుకున్న శక్తిని ఎప్పటికప్పుడు ఖర్చు పెట్టాలి. ఖర్చును మించి వస్తే కొంత భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. దీనికి డయాడినోజాంథిన్ అనే వర్ణకం డయాటోజాంథిన్‌గా మారి సాయపడుతుంది. ఇంకా ఎక్కువైతే ఆ యంత్రాంగంలో ఫొటోసిస్టమ్-2 అనే భాగంలోని డి1 అనే ప్రొటీన్ దెబ్బతింటుంది. అది రోజూ దెబ్బతినేదే, రోజూ మరమ్మతు అయ్యేదే. మరమ్మతు కంటే నష్టం వేగం పెరిగినప్పుడు చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టుకొచ్చి శైవలాన్నీ, దాన్ని మోస్తున్న అనిమోన్ కణాన్నీ గాయపరుస్తాయి. అప్పుడు అనిమోన్ ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పోవడం అంటే నిజానికి తన తిండి పుట్టే చోటును పోగొట్టుకోవడం.

ఇందులో ఉష్ణోగ్రత పాత్ర చాలా ఉంది. నీరు వేడెక్కితే మరమ్మతు మందగిస్తుంది. నిన్నటి దాకా భరించిన వెలుతురే ఈరోజు ఎక్కువవుతుంది. 2023 చివరి నుంచి అరేబియా సముద్రంలో కొనసాగిన వడగాడ్పుల్లాంటి వేడి వల్ల లక్షదీవుల్లో పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయని 2024లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వెల్లడించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగో భారీ బ్లీచింగ్ నడుస్తోందని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. అనిమోన్లు కూడా ఇలాగే తెల్లబడతాయి. కాబట్టి మే నెలలో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటుతుంటే, అనిమోన్ పాలిపోవడానికి కారణం దీపమా వేడా అని విడదీసి చూడటం కుదరదు. రెండూ కలిసే పనిచేస్తాయి. నీటిని 25–27 డిగ్రీల మధ్య ఉంచగలిగే చిల్లర్ లేనప్పుడు, ఎండాకాలంలో దీపం తీవ్రతను కొంత తగ్గించి ఉంచడం తెలివైన పని.

అమ్మకానికి వచ్చే కొన్ని అనిమోన్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పచ్చి పసుపు, గాఢ గులాబీ, నీలం రంగుల్లో ఒంటి నిండా ఒకే తీరున మెరిసేవి చాలావరకు తెల్లబడిన అనిమోన్లకు కృత్రిమంగా రంగు పట్టించినవి. లోపల శైవలాలు లేవు లేదా నామమాత్రం. ఆ రంగు మిగిలిన కొద్దిపాటి శైవలాలకూ వెలుతురు అందనివ్వదు. ఇది జీవిని హింసించే వ్యాపారం, కొనకపోవడమే దానికి సరైన జవాబు.

మార్పు వేగమే ప్రాణాంతకం

తక్కువ వెలుతురుకు, ఎక్కువ వెలుతురుకు కూడా శైవలాలు అలవాటు పడగలవు. వెలుతురు తగ్గితే ఒక్కో కణంలో పత్రహరితం పెంచుకుని కాంతిని ఒడిసిపట్టే ప్రయత్నం చేస్తాయి, అనిమోన్ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. వెలుతురు పెరిగితే వర్ణకాలను తగ్గించుకుంటాయి, రంగు కాస్త లేతబడుతుంది. ఈ సర్దుబాటుకు రోజులు కాదు, వారాలు పడుతుంది. అంత వ్యవధి ఇవ్వకపోతే పైన చెప్పిన నష్టం మొదలవుతుంది.

ఇది తెలిస్తే కొత్త అనిమోన్‌ను తెచ్చినప్పుడు ఏం చేయాలో తేలిపోతుంది. దుకాణంలో, రవాణాలో అది రోజుల తరబడి మసక వెలుతురులోనో చీకట్లోనో గడిపి ఉంటుంది. ఇంటికి తేగానే 250 పార్ కింద పెడితే అది దెబ్బే. దీపాన్ని చేరాల్సిన తీవ్రతలో సగం దగ్గర మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. చాలా ఎల్‌ఈడీల్లో దీనికోసం అక్లిమేషన్ మోడ్ (వెలుతురును తనంతట తానే నెమ్మదిగా పెంచే సెట్టింగ్) ఉంటుంది. మరో పెంపకందారుడి ట్యాంకులో చీలి పుట్టిన బబుల్ టిప్ దొరికితే అన్నింటికంటే మంచిది. అది ఏ దీపం కింద, ఎంత పార్‌లో పెరిగిందో అడిగి తెలుసుకోవచ్చు. సముద్రం నుంచి పట్టి తెచ్చిన దానికి ఆ చరిత్ర ఎవరూ చెప్పలేరు.

దీపాన్ని ముట్టుకోకుండానే వెలుతురు పెరిగే సందర్భాలూ ఉన్నాయి. పాతబడిన ట్యాంకు నీరు లేత పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు ముఖ్యంగా నీలి కాంతిని మింగుతుంది. నెలల తరువాత ఒకరోజు నీటి రంగును పీల్చే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో నీరు స్ఫటికంలా మారుతుంది, లోపలికి చేరే నీలం ఒక్కసారిగా పెరుగుతుంది. దీపం సెట్టింగ్ అదే, అనిమోన్ మాత్రం తెల్లబడుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. దీపం కింది అద్దం మీద గట్టిపడిన ఉప్పు పొరను తుడిచినా అంతే. కార్బన్‌ను కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా వాడటం, అద్దాన్ని వారం వారం తుడవడం ఈ ఎగుడుదిగుళ్లను ఆపుతాయి.

అనిమోన్ కదలిక ఏం చెబుతోంది?

పగడాన్ని ఎక్కడ అతికిస్తే అక్కడే ఉంటుంది. అనిమోన్ తన చోటు తానే ఎంచుకుంటుంది. పాదాన్ని వదులు చేసుకుని పాకుతుంది, ఒక్కోసారి పూర్తిగా వదిలేసి నీటిలో తేలిపోతుంది. ఈ స్వభావం వల్ల పవర్‌హెడ్ (నీటిని కదిపే పంపు) రెక్కల్లో పడి ముక్కలయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి వాటికి జాలీ వేయాలి. కానీ వెలుతురు విషయంలో ఈ కదలికే అతి నమ్మకమైన కొలబద్ద.

రాయి పైకి, దీపం వైపు పాకి ఒళ్లు సాగదీస్తోందంటే వెలుతురు చాలడం లేదని అనుమానించాలి. రాతి కిందికి, నీడలోకి జరిగి పగలంతా ముడుచుకుంటోందంటే ఎక్కువైంది. దిక్కూ దరీ లేకుండా రోజుకో చోటికి తిరుగుతుంటే మాత్రం వెలుతురు కంటే ముందు ప్రవాహం, లవణీయత, ఉష్ణోగ్రత చూడాలి. ట్యాంకు పెట్టి ఆరు నెలలైనా కాకుండా తెచ్చిన అనిమోన్లు ఇలా తిరగడం ఎక్కువ. బబుల్ టిప్ స్పర్శకాల చివర బుడగలు పోయి తీగల్లా మారితే వెంటనే దీపం పెంచేవారున్నారు. ఆ బుడగలకు వెలుతురుతో పాటు ప్రవాహం, క్లౌన్ ఫిష్ ఉండటం వంటి వేరే కారణాలూ ఉన్నట్టు కనిపిస్తుంది. తీగల్లాంటి స్పర్శకాలతోనే ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉన్నవీ ఉన్నాయి. ఆ ఒక్క లక్షణం చూసి సెట్టింగ్ మార్చకూడదు.

అందుకే ట్యాంకులో ఎక్కువ, తక్కువ వెలుతురు చోట్లు రెండూ ఉండేలా రాళ్లు పేర్చడం మంచిది. ఒక శిఖరం, దాని పక్కన లోతైన ఒక సందు, కింద కొంత నీడ ఉంటే అనిమోన్ తనకు నచ్చిన పార్‌ను వెతుక్కుంటుంది. అది స్థిరపడ్డాక ఆ చోట మీటరు పెట్టి కొలిస్తే, పుస్తకాల్లోని అంకెకంటే విలువైన అంకె దొరుకుతుంది. అక్కడి నుంచి దాన్ని పీకి అందంగా కనిపించే చోట పెట్టాలన్న తొందర చాలా నష్టం చేస్తుంది. పాదం చిరిగితే కోలుకోవడం కష్టం.

తెల్లబడినదాన్ని కోలుకునేలా చేయడం

తెల్లబడినంత మాత్రాన అనిమోన్ చచ్చిపోయినట్టు కాదు. నోరు బిగువుగా మూసి ఉండి, స్పర్శకాలు వేలికి అంటుకునే గుణం ఇంకా పోలేదంటే ఆశ ఉంది. నోరు తెరుచుకుని వేలాడుతూ, ఒళ్లు కరిగినట్టు జారుతూ, దుర్వాసన వస్తుంటే ఆలస్యం చేయకుండా తీసేయాలి, లేకపోతే నీరంతా పాడవుతుంది.

కోలుకునే అవకాశం ఉన్నదానికి వెలుతురు పూర్తిగా ఆపేయకూడదు. తిరిగి పెరగాల్సిన శైవలాలకు అదే ఆధారం. 75 నుంచి 100 పార్ దగ్గర స్థిరంగా ఉంచి, వేడి పెరగకుండా చూస్తూ, గోరంత రొయ్య ముక్కను వారానికి రెండు మూడుసార్లు ఇవ్వాలి. పెద్ద ముక్క వేస్తే అరిగించుకోలేక ఉమ్మేస్తుంది. తుఫానులకు ఒకటి రెండు రోజులు కరెంటు పోయి దీపం వెలగకపోయినా కంగారు పడక్కర్లేదు. ఉన్న ఇన్వర్టర్‌ను దీపానికి కాక నీటిని కదిపే పంపుకు వాడాలి, ఎందుకంటే ముందు కొరతపడేది ఆక్సిజనే.

రంగు తిరిగి రావడానికి కొన్ని వారాల నుంచి నెలల దాకా పడుతుంది. ఈ మధ్యలో బాగుపడుతోందో లేదో తేల్చుకోవడానికి చాలామంది ఫొటోలు తీస్తారు, నీలి వెలుతురులో తీస్తారు. బబుల్ టిప్ అనిమోన్ ఒంట్లో తనవైన ఫ్లోరొసెంట్ ప్రొటీన్లు ఉంటాయి. ఈ జాతి నుంచి వేరుచేసిన ఎర్రని ప్రొటీన్లు ప్రయోగశాలల్లో కణాలను వెలిగించి చూడటానికి కూడా పనికొచ్చాయి. అవి శైవలాలవి కావు, అనిమోన్‌వే. కాబట్టి శైవలాలన్నీ పోయినా నీలి దీపం కింద అది ఆకుపచ్చగానో ఎర్రగానో మెరుస్తూనే ఉంటుంది. తెల్లని చానల్‌ను మాత్రమే వెలిగించి, రోజూ ఒకే వేళకు, ఒకే కోణంలో తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి స్పర్శకాల మొదళ్లను చూడాలి. శైవలాలు తిరిగి వస్తున్నాయంటే అక్కడ లేత గోధుమ ఛాయ కనిపిస్తుంది. ఆ ఛాయ స్పర్శకాల కొసల దాకా పాకిన తర్వాతే దీపాన్ని మళ్లీ కొద్దికొద్దిగా పెంచడం మొదలుపెట్టాలి.